చిన్న ట్రైలర్ పక్కన తక్కువ ఖర్చులో గట్టి పందిరి: మొదటి కొలత నుంచి చివరి మడత దాకా

కారు వెనక తగిలించుకెళ్లే క్యాంపింగ్ ట్రైలర్ చిన్నదైతే లోపల పడుకోవడానికే చోటు ఉంటుంది. కూర్చోవడం, వండుకోవడం, తడిసిన బూట్లు విప్పడం, పిల్లలు ఆడుకోవడం, ఇవన్నీ బయటే జరగాలి. ఎండ మాడ్చేసినా వాన పట్టుకున్నా ఇంటిల్లిపాదీ ఆ చిన్న పెట్టెలో ఒకరి మోకాళ్లు ఒకరికి తగులుతూ కూర్చోవాల్సి వస్తుంది. కంపెనీలు అమ్మే చుట్టుడు ఆనింగ్, అంటే ట్రైలర్ గోడకి బిగించి లాగి తెరిచే గుడ్డ పందిరి, మంచిదే కానీ చిన్న ట్రైలర్‌కి అది బరువు కూడా, ఖరీదు కూడా. ఒక టార్పాలిన్, మూడు రాటలు, కాస్త తాడు, గట్టి మేకులు ఉంటే అంతకంటే పెద్ద నీడ వస్తుంది, వానకీ తట్టుకుంటుంది, చిరిగితే పట్టా ఒక్కటే మార్చుకుంటే సరిపోతుంది.

ముందే ఒక మాట. చాలామంది డబ్బంతా పట్టా మీద పెట్టి, దాంతోపాటు వచ్చిన సన్న మేకులతో సరిపెట్టేస్తారు. నా లెక్క దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది: పట్టా మామూలుదైనా పర్లేదు, తాళ్లూ మేకులూ మాత్రం మంచివి కొనండి. పందిరి పడిపోయేది గుడ్డ చిరిగి కాదు, దాదాపు ఎప్పుడూ మేకు ఊడిపోయో, నీళ్లు నిలిచిపోయో.

నీళ్ల సంగతి నాకు తెలిసింది అనుభవంతోనే. ఒకసారి చూడ్డానికి బాగుంటుందని పందిరిని బల్లపరుపుగా, నాలుగు మూలలూ ఒకే ఎత్తులో కట్టాను. రాత్రి రెండింటికి వాన అందుకుంది. టప టప చప్పుడు కాస్తా మెల్లగా ఆగిపోయింది, అది వాన తగ్గి ఆగడం కాదు, పట్టా మీద నీళ్లు చేరి చినుకుల మోత మింగేయడం. టార్చ్ వేసి చూస్తే మధ్యలో పెద్ద కడవ పొట్టలా వేలాడుతోంది, రెండు రాటలు లోపలికి వంగిపోయాయి. చేత్తో ఎత్తి పారబోద్దామని చూస్తే కదల్లేదు. ఒక చదరపు మీటరు మీద ఒక్క సెంటీమీటరు నీళ్లు నిలిస్తే 10 కిలోలు. మధ్యలో పది సెంటీమీటర్ల లోతు గుంట పడిందంటే దాదాపు ఒక మనిషి ఎక్కి కూర్చున్నట్టే. ఆ రాత్రి తర్వాత వాలు లేని పందిరి నేను ఎప్పుడూ కట్టలేదు.

1. కొలతలు తీసుకోండి, తర్వాతే కొనండి

టేపు పట్టుకుని ట్రైలర్ తలుపు వైపు నిలబడండి. మూడు కొలతలు రాసుకోవాలి: పైన పట్టా తగిలించే చోటు నేల నుంచి ఎంత ఎత్తు, తలుపు పూర్తిగా తెరిస్తే దాని పై అంచు ఎంత దూరం వస్తుంది, ఆ గోడ మీద వెంట్లు, అంటే వేడీ పొగా బయటికి పోయే కన్నాలు, ఎక్కడున్నాయి. ఈ మూడోది మర్చిపోవద్దు. ఫ్రిజ్ వెంటు, హీటరు పొగ గొట్టం, వేడినీళ్ల గీజరు పొగ మూత, ఇవి తలుపు వైపే ఉండే ట్రైలర్లు బోలెడన్ని. వాటి ముందు గుడ్డ వేలాడితే వేడి ఇరుక్కుంటుంది, అంతకన్నా ఘోరంగా పొగ మీరు కూర్చున్న చోటికి వస్తుంది.

ఇక వాలు లెక్క. ట్రైలర్ నుంచి బయటికి వెళ్లే ప్రతి 5 అడుగులకీ కనీసం 1 అడుగు దిగాలి. పై అంచు 7.5 అడుగుల ఎత్తులో ఉండి పట్టా 8 అడుగులు ముందుకు వస్తే బయటి అంచు దాదాపు 6 అడుగుల దగ్గర ఉంటుంది. తల తగలదు, నీళ్లు ఆగవు. అదే పట్టా 12 అడుగులు ముందుకు లాగాలనుకుంటే బయటి అంచు 5 అడుగులకి దిగిపోతుంది, వంగి వంగి తిరగాలి. అందుకే చిన్న ట్రైలర్‌కి 8×10 అడుగుల పట్టా సరిగ్గా సరిపోతుందని నా అభిప్రాయం: 10 అడుగులు ట్రైలర్ పొడవునా, 8 అడుగులు ముందుకి. పాలిథిన్ పట్టాల మీద రాసిన కొలత చాలాసార్లు అంచు మడవక ముందుది, చేతికి వచ్చేసరికి కొన్ని అంగుళాలు తక్కువే ఉంటుంది. ఇంటికి తెచ్చాక కొలిచి చూసుకోండి.

2. సామాన్లు

పట్టా: పాలిథిన్ టార్పాలిన్ అన్నిటికంటే చవక, నీళ్లు దూరవు, కానీ ఎండలోని అల్ట్రావయొలెట్ (యూవీ) కిరణాల వల్ల పెళుసుబారి మడతల దగ్గర పగులుతుంది, గాలికి చప్పుడు కూడా ఎక్కువే. పలచటి రకం కాకుండా కాస్త మందంది, యూవీ పూత ఉన్నది తీసుకోండి. ఒక పక్క వెండి రంగు ఉంటే ఆ పక్క పైకి వేయండి, ఎండని వెనక్కి కొడుతుంది. ఇంకొంచెం పెట్టగలిగితే పూత వేసిన పాలిస్టర్ గుడ్డ నాకు ఇష్టం, ఎందుకంటే తడిసినా సాగదు. సిల్‌నైలాన్, అంటే సిలికాన్ పూత వేసిన నైలాన్, తేలికే గానీ తడవగానే సాగి జారిపోతుంది, అర్ధరాత్రి లేచి తాళ్లు బిగించుకోవాలి.

రాటలు: మూడు. ఎత్తు మార్చుకునే అల్యూమినియం గొట్టాలు సుఖం. కరెంటు వైర్లకి వాడే ఇనుప కండ్యూట్ పైపులైనా, గట్టి వెదురు కర్రలైనా పనికొస్తాయి. పైన ఒక మేకు ములుకు నిలబడి ఉండాలి, అది పట్టా అంచున ఉండే రింగులోంచి పైకి వచ్చి తాళ్లకి ఆధారం అవుతుంది. ములుకు మొనకి రబ్బరు బిరడా గుచ్చితే కళ్లకీ చేతులకీ ప్రమాదం ఉండదు.

తాడు 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందంది, 30 మీటర్లు. కొట్టొచ్చినట్టు కనిపించే రంగు కొనండి, రాత్రి కాళ్లకి తగిలేది ఈ తాళ్లే. మేకులు 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవువి ఎనిమిది. డేరాలతో వచ్చే సన్నటి తీగ కొక్కాలు చీర ఆరేయడానికి కూడా నిలవవు. ఒక సుత్తి. రింగుల దగ్గర వాడటానికి కొన్ని సాగే రబ్బరు తాళ్లు. పట్టాకీ ట్రైలర్‌కీ రాపిడి తగలకుండా పాత తువ్వాలు ఒకటో రెండో.

3. ట్రైలర్ని ఎటు తిప్పి ఆపాలో చూసుకోండి

పందిరి సగం పని ఇక్కడే అయిపోతుంది, కానీ ఎవరూ దీన్ని పట్టించుకోరు. గాలి ఎటునుంచి వస్తోందో చూసి, ట్రైలర్ వీపు గాలికి పెట్టి ఆపండి. అప్పుడు ట్రైలరే పెద్ద గోడలా అడ్డం నిలుస్తుంది, తలుపు వైపు ప్రశాంతంగా ఉంటుంది. గాలి తలుపు వైపు నుంచే వస్తే పట్టా కిందకి దూరి దాన్ని తెరచాపలా పైకి ఎత్తేస్తుంది.

తలెత్తి పైకి చూడండి. ఎండిపోయిన కొమ్మలున్న చెట్టు కింద ఎంత నీడ ఉన్నా వద్దు. నేల కాస్త మిట్టగా ఉన్న చోటు చూసుకుంటే వాన నీళ్లు వాటంతట అవే పక్కకి పోతాయి, చుట్టూ కాలువ తవ్వి నేల పాడుచేయక్కర్లేదు. చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టి, మూలల జాకీలు దించి, ట్రైలర్ ఊగకుండా చేశాకే పందిరి మొదలుపెట్టండి. లోపల ఒక మనిషి నడిచినప్పుడల్లా ట్రైలర్ ఊగుతుంటే, దానికి కట్టిన పట్టా ప్రతిసారీ రాటల్ని లాగుతుంది.

4. పై అంచు పట్టించడం

ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. మీ ట్రైలర్ పైన పొడవునా సన్నటి గాడి ఉన్న అల్యూమినియం పట్టీ, అంటే ఆనింగ్ రైల్, ఉందేమో చూడండి. ఉంటే అదృష్టమే. కేడర్ అనే చిన్న పట్టీ దొరుకుతుంది, ఒక అంచున తాడులా గుండ్రంగా ఉండి, గుడ్డ అంచు రెక్కలా బయటికి ఉంటుంది. ఆ రెక్కని పట్టా అంచుకి గట్టి దారంతో రెండు వరసలు కుట్టి, గుండ్రటి భాగాన్ని గాడి చివర్లోంచి దూర్చి లాగితే జరజరా జారిపోతుంది. గాడి లోపలి వెడల్పులు ట్రైలర్‌ని బట్టి మారుతాయి, కాబట్టి ముందు ఒక చిన్న ముక్క దూర్చి చూశాకే మొత్తం కొనండి. గాడి నోటి దగ్గర లోహం గరుగ్గా ఉంటే సన్న ఆకురాయితో నునుపు చేయండి, పట్టా చిరిగేది సరిగ్గా అక్కడే. దూర్చేటప్పుడు ఇద్దరుంటే మేలు: ఒకరు నోటి దగ్గర గుడ్డని నిటారుగా అందిస్తుండాలి, ఇంకొకరు అటు చివర లాగాలి.

గాడి లేకపోతే? కొందరు పట్టాని పైకప్పు మీదుగా అవతలికి వేసి, అటువైపు చక్రానికో ఛాసిస్‌కో కట్టేస్తారు. పని జరుగుతుంది, కానీ గాలికి పట్టా రాత్రంతా కప్పు మీద రాసుకుంటుంది, రంగు పోతుంది, పైన సోలార్ ప్యానెలో గాలి ఫ్యానో ఉంటే వాటి అంచులకి చీలుతుంది. అలా చేయాల్సి వస్తే అంచులన్నిటి కిందా తువ్వాళ్లు పెట్టండి, కప్పు మీది వెంట్లు మూసుకుపోకుండా చూడండి. రబ్బరు సక్షన్ కప్పుల్ని పూర్తిగా నమ్మకండి, దుమ్మున్నా తడున్నా రాత్రికి పట్టు వదిలేస్తాయి. అయస్కాంతాలు అల్యూమినియానికీ ఫైబర్‌గ్లాస్‌కీ అసలు అంటుకోవు.

ట్రైలర్ మరీ ఎత్తుగా లేకపోతే నేను విడి పందిరికే ఓటేస్తాను. ట్రైలర్ కన్నా అరడుగు ఎత్తున్న ఇంకో రెండు రాటలు గోడ పక్కనే రెండు చివర్లా నిలబెట్టి, వాటి మధ్య బిగుతుగా ఒక తాడు కట్టి, పట్టా అంచుని ఆ తాడు మీదుగా ట్రైలర్ కప్పు పైకి అరడుగు వెళ్లేలా వేస్తే మధ్య సందులోంచి వాన కారదు. ఇంకో నాలుగు మేకులు, 20 మీటర్ల తాడు అదనం, అంతే. ట్రైలర్ ఊగినా పందిరి కదలదు. మధ్యలో ట్రైలర్ని తీసుకుని బయటికి వెళ్లాల్సి వచ్చినా మీ వంటిల్లు అక్కడే ఉంటుంది.

5. రాటలు నిలబెట్టడం

బయటి అంచుకి మూడు రాటలు. తలుపు దగ్గరి మూల 6 అడుగులు, నడిమిది 5.5 అడుగులు, దూరపు మూల 5 అడుగులు. ఇలా కడితే నీళ్లన్నీ ఆ దూరపు మూలకే చేరి ఒకే ధారగా పడతాయి, కింద బకెట్ పెడితే గిన్నెలు కడుక్కోవడానికి నీళ్లు కూడా దొరుకుతాయి. ఎక్కడ పడాలో మీరే నిర్ణయించకపోతే నీళ్లే నిర్ణయించుకుంటాయి, సాధారణంగా మీ కుర్చీ మీద.

ముందు మూల రాట ములుకుని రింగులో దూర్చి నిలబెట్టండి. ములుకుకి రెండు తాళ్లు వేయండి, ఒకటి పందిరి ముందుకి, ఒకటి పక్కకి, రెంటి మధ్యా దాదాపు లంబకోణం ఉండాలి. మేకు ఎంత దూరంలో కొట్టాలంటే రాట ఎత్తెంతో అంత దూరంలో. అప్పుడు తాడు 45 డిగ్రీల కోణంలో దిగుతుంది. దగ్గరగా కొడితే తాడు మేకుని పైకి పెరికేస్తుంది. మేకు తల పందిరికి ఎదురు దిక్కుకి వాలేలా, మూడొంతులకు పైగా నేలలోకి దిగేలా కొట్టండి.

ఇసుక నేలలో మేకులు నిలవవు. అక్కడ ఒక సంచీలో ఇసుక నింపి, మూతి దగ్గర తాడు కట్టి, అడుగున్నర లోతున పాతి తొక్కేయండి. రాతి నేల అయితే తాడుని ఒక కర్రముక్కకి కట్టి, దాని మీద బరువైన రాళ్లు పేర్చండి. గట్టి మట్టికి పొడవాటి ఇనుప మేకులు, తల దగ్గర ఒక వాషర్ వేసినవి, అన్నిటికంటే బాగా దిగుతాయి. చెట్టుకి కట్టక తప్పకపోతే, అదీ అక్కడ అనుమతి ఉంటేనే, సన్న తాడు కాకుండా వెడల్పు పట్టీ చుట్టండి, బెరడు కోసుకుపోదు.

6. ఒక్క ముడి నేర్చుకోండి

ముళ్లు వందల రకాలున్నాయి, ఈ పనికి ఒక్కటి బాగా వస్తే చాలు: చేత్తో జరిపితే జరుగుతుంది, తాడు లాగితే బిగుసుకుని పట్టుకుంటుంది. పేరు టాట్‌లైన్ హిచ్. తాడు కొసని మేకు చుట్టూ తిప్పి వెనక్కి తీసుకురండి. ఇప్పుడు మీ ముందు ఒక పొడవాటి ఉచ్చు ఉంది, ఒక పక్క రాట నుంచి వచ్చే అసలు తాడు, ఇంకో పక్క మీ చేతిలోని కొస. ఆ కొసని అసలు తాడు చుట్టూ, ఉచ్చు లోపలి నుంచి, మేకు వైపుగా వరసగా రెండు చుట్లు చుట్టండి. తర్వాత ఆ చుట్లు దాటించి రాట వైపుకి తెచ్చి, అదే దిక్కులో ఇంకో చుట్టు చుట్టి, దాని కిందనుంచి కొస లాగి బిగించండి. ముడిని వేళ్లతో పట్టుకుని రాట వైపు జరిపితే తాడు బిగుస్తుంది, మేకు వైపు జరిపితే వదులవుతుంది. నున్నటి నైలాన్ తాడైతే లోపల రెండుకి బదులు మూడు చుట్లు వేయండి, జారదు. ఇంట్లో కుర్చీ కాలికి కట్టి పదిసార్లు చేస్తే చీకట్లో కూడా చేతులకే వచ్చేస్తుంది.

7. రింగు ఊడితే గులకరాయి

చవక పట్టాల్లో మొదట పోయేది రింగులే. ఒక రింగు ఊడిందని పట్టా పారేయకండి. నిమ్మకాయంత నున్నటి గులకరాయి తీసుకోండి, కోసుగా ఉన్నది వద్దు. అంచుకి నాలుగంగుళాలు లోపల, పట్టా కింద నుంచి రాయి పెట్టి, పైనుంచి గుడ్డని దాని చుట్టూ కూడదీసి మెడలా పట్టుకోండి. ఆ మెడకి తాడు రెండు చుట్లు వేసి బిగించండి. లాగినకొద్దీ గుడ్డ రాయి మీద బిగుసుకుంటుంది, రాయి జారదు. బరువు ఒక్క కన్నం మీద కాకుండా రాయి చుట్టూ ఉన్న గుడ్డంతటి మీదా పడుతుంది కాబట్టి ఇది అసలు రింగు కన్నా గట్టిది. గాలి ఎక్కువుంటుందని తెలిస్తే నేను మూలల్లో రింగులు బాగున్నా కావాలనే రాళ్లు కడతాను.

8. గాలి

గాలి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. 8×10 అడుగుల పట్టా గాలికి నిటారుగా ఎదురు నిలిస్తే గంటకి 20 కిలోమీటర్ల గాలిలో దాని మీద సుమారు 14 కిలోల బరువు పడుతుంది, 40 కిలోమీటర్లకి అది 57 కిలోల దాకా వెళ్తుంది. వాలుగా ఉన్న పట్టా మీద ఇంత పడదు, కానీ గాలి కిందకి దూరితే లాగుడు గట్టిగానే ఉంటుంది. అందుకే మూలల్లో రింగుకీ తాడుకీ మధ్య ఒక సాగే రబ్బరు తాడు వేయండి, విసురు వచ్చినప్పుడు అది సాగి దెబ్బ తానే తీసుకుంటుంది, మేకు కదలదు.

ఫోన్‌లో వాతావరణం చూడటం మంచిదే, చెట్లని చూడటం ఇంకా మంచిది. చిన్న చెట్లు ఆకులతో సహా ఊగుతున్నాయంటే గాలి 30 కిలోమీటర్ల పైన ఉంది. అప్పుడు రాటలు ఒక అడుగు తగ్గించి పందిరిని కిందికి దించండి. పెద్ద కొమ్మలు కదులుతున్నాయంటే ఇక ఆలోచించొద్దు, విప్పేయండి. పట్టా విప్పితే పోయేదేం లేదు, ఊడిపోయిన రాట వచ్చి కిటికీకి తగిలితే పోయేది చాలా ఉంది. పందిరి వదిలి ఎటైనా తిరగడానికి వెళ్తున్నా, రాత్రి అందరూ పడుకుంటున్నా, అనుమానం ఉంటే దించేయడమే నయం. ఉరుములు వినిపిస్తే ఇనుప రాటల కింద ఉండొద్దు, లోహపు కప్పున్న కారులోకి వెళ్లి అద్దాలు మూసుకోండి. ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ పిడుగుకి అదే రక్షణ ఇవ్వదు.

9. పక్క గోడలు, కింద చాప

సాయంత్రపు ఎండ వాలుగా పందిరి కిందకి వచ్చేస్తుంది, పైకప్పు ఎంత పెద్దదైనా ఆపలేదు. పడమటి వైపు ఒక గుడ్డ వేలాడదీయండి. దీనికి గట్టి పట్టా కన్నా గాలి దూరే షేడ్ నెట్ మేలు, నీడ ఇస్తుంది, గాలికి ఎదురు నిలవదు. కింది అంచుని మేకులతో బిగించేయకుండా రబ్బరు తాళ్లతో పట్టించండి.

దోమలుంటే పెద్ద దోమతెర పట్టాకే లోపలి నుంచి క్లిప్పులతో వేలాడదీసి, కింద రాళ్లు పెడితే చాలు. నేల మీద పరిచేది పందిరి చూరు దాటి బయటికి రాకూడదు. వస్తే చూరు నీళ్లు దాని మీద పడి నేరుగా లోపలికే పారతాయి.

ఒక్క విషయంలో రాజీ పడకండి. మూడు వైపులా గుడ్డలు దించేసి లోపల బొగ్గుల కుంపటి గానీ గ్యాస్ హీటరు గానీ పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు, నిద్ర వస్తున్నట్టే ఉంటుంది. వంట చేసేటప్పుడు రెండు వైపులు పూర్తిగా తెరిచి, స్టవ్ బయటి అంచు దగ్గర పెట్టండి. జనరేటర్ ఉంటే ట్రైలర్‌కీ పందిరికీ కనీసం 20 అడుగుల దూరంలో, పొగ అవతలికి పోయేలా పెట్టండి. నెగడు కూడా దూరంగానే. పాలిథిన్ మీద ఒక్క నిప్పురవ్వ పడితే కన్నమే.

10. విప్పడం

కట్టిన వరసకి ఎదురు వరసలో విప్పండి, గాలి వచ్చే వైపు తాళ్లు ఆఖర్న. రాటల్ని ఒక్కొక్కటే పడుకోబెట్టి, పట్టాని నేల మీదకి దించాకే గాడిలోంచి లాగండి. తాళ్లు రాటకే ఉంచి ఒక్కో దాన్ని ఎనిమిది అంకె ఆకారంలో చేతికి చుట్టి రబ్బరు వేస్తే మళ్లీ చిక్కు పడదు. మేకులకి అంటిన మట్టి అక్కడే దులిపేయండి, పట్టాతో ఒకే సంచీలో వేయొద్దు, మొనలు గుచ్చుకుంటాయి.

తడి పట్టాని మడిచి పెడితే రెండు మూడు రోజుల్లో బూజు వాసన పట్టేస్తుంది. వానలోనే బయల్దేరాల్సి వస్తే ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో వదులుగా కుక్కి, ఇల్లు చేరిన రోజే దండెం మీద వేయండి. ఆరాక ఎండకి ఎదురుగా పట్టుకుని చూస్తే వెలుతురు చుక్కల్లా వస్తున్న చోట్లు కనిపిస్తాయి. వాటికి రెండు వైపులా టార్పాలిన్ టేపు అంటించి, ఈసారి మడతలు పాత గీతల మీద కాకుండా కాస్త పక్కకి జరిపి మడవండి.